మా పేట పేరు మార్చే హక్కు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

కిందటి సంచికలో వార్డుల విభజన గురించి, దానితోపాటు పాత పేటల పేర్లు బోర్డుల మీద నుంచి మాయమైపోతున్న సంగతి గురించి నాలుగు ముక్కలు రాశాం. రాజమండ్రి మొదలుకొని కోనసీమ దాకా ఉత్తరాలు వచ్చాయి. కొన్నింట్లో కోపం, కొన్నింట్లో దిగులు. ఒక అమ్మాయి అయితే మమ్మల్నే నిలదీసింది, నిలదీయాల్సిందే కూడా. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లోనే ఒక మున్సిపల్ పట్నం, ఊరి పేరు మాత్రం వేయకండి. మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి మా వీధి రెండు వైపులా కలిపి ఒకే పేట. మొన్న వార్డులు మార్చినప్పుడు వీధి మధ్యలోంచి గీత గీసి, తూర్పు వైపు ఇళ్లన్నీ ఒక వార్డులోనూ, పడమర వైపున్న మమ్మల్ని ఇంకో వార్డులోనూ వేశారు. అక్కడితో ఆగలేదు. మా వైపు వార్డు సచివాలయం బోర్డు మీద పేట పేరు తీసేసి, వెనకాల కొత్తగా వచ్చిన లేఅవుట్ పేరు పెట్టారు. ఇప్పుడు ఇంటి పన్ను రసీదులో ఒక పేరు, దస్తావేజులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఫోటో పంపుతున్నాను చూడండి, మా గుమ్మం పక్కన గోడ మీదే మూడు నంబర్లున్నాయి. మురుగు కాలవలో పూడిక తీయమంటే ఇటు వాళ్లు అది అటు వార్డుదంటారు, అటు వాళ్లు ఇటుదంటారు. మా అబ్బాయి ఇంటి మీద లోన్ పెడితే అడ్రసులు కలవట్లేదని తిప్పి పంపారు. ఇల్లు ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. మా పేట పేరు మాకు మళ్లీ వస్తుందా? - ఒక గృహిణి

జవాబు: ముందుగా ఆ టెన్షన్ తీసేసుకోండమ్మా, మీ ఇల్లు ఎక్కడికీ పోదు. దస్తావేజులో స్థలాన్ని గుర్తుపట్టేది పేట పేరు ఒక్కటే కాదు. సర్వే నంబరు గానీ టౌన్ సర్వే నంబరు గానీ ఉంటుంది, గజాలు ఉంటాయి, అన్నిటికీ మించి నాలుగు హద్దులు ఉంటాయి. తూర్పున మున్సిపల్ రోడ్డు, దక్షిణాన ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా వారి పెరటి గోడ అని మీ మామగారి కాలంలో రాయించిన ఆ నాలుగు లైన్లను ఏ బోర్డూ మార్చలేదు.

మీరు పంపిన ఫోటో చాలాసేపు చూశాం. సున్నం కింద సగం మునిగిన నీలం రేకు మీద తెల్ల అంకెలు, దాని పక్కన నల్ల రంగుతో కొట్టిన అచ్చు నంబరు, ఆ పైన ఎవరో చాక్‌పీసుతో రాసి పెన్సిల్‌తో దిద్దిన ఇంకో నంబరు. ఆ నీలం రేకు పీకేయకండి, రంగు కూడా వేయించకండి. అది మీ పాత డోర్ నంబరు, మీ లింకు డాక్యుమెంట్లు, అంటే ఇంటికి సంబంధించిన పాత దస్తావేజులు, అన్నింట్లో కనిపించేది అదే అయ్యుంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన మున్సిపాలిటీల్లో రెవెన్యూ వార్డు వేరు, ఎలక్షన్ వార్డు వేరు. ఇంటి పన్ను, ఆ పన్ను ఖాతాకి ఇచ్చే అసెస్‌మెంట్ నంబరు రెవెన్యూ వార్డు లెక్కన నడుస్తాయి. కౌన్సిలర్‌ని ఎన్నుకునే వార్డు, కార్పొరేషన్లలో అయితే డివిజన్ అంటారు, అది జనాభాను వీలైనంత సమానంగా పంచడానికి గీసే గీత మాత్రమే, అది మారుతూనే ఉంటుంది. ఆ గీత మారినంత మాత్రాన మీ డోర్ నంబరు గానీ, అసెస్‌మెంట్ నంబరు గానీ మారాలని ఎక్కడా లేదు. కాబట్టి లోన్ కోసం మున్సిపల్ ఆఫీసులో రెవెన్యూ సెక్షన్‌కి వెళ్లి, పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఒకే ఇంటివని సర్టిఫికెట్ అడగండి. అసెస్‌మెంట్ నంబరు చెబితే వాళ్లకి పని తేలిక. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించేటప్పుడు పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఇచ్చి వెతికించండి, కొత్తది ఒక్కటే ఇస్తే పాత లావాదేవీలు బయటపడకపోవచ్చు, బ్యాంకు వాళ్లు మళ్లీ తిప్పి పంపుతారు. రేపు పిల్లలకి రాసిచ్చినప్పుడైనా దస్తావేజు లేఖరికి గట్టిగా చెప్పి, 'పూర్వం ఫలానా పేట, ప్రస్తుతం ఫలానా వార్డు, పాత డోర్ నంబరు ఇది, కొత్తది ఇది' అని షెడ్యూల్లో రాయించండి. ఒక్క లైను ఎక్కువ రాయించినందుకు వచ్చే నష్టమేమీ లేదు.

కాలవ సంగతి సచివాలయంలో తేలదు. రెండు వైపుల వాళ్లూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, రెండు వార్డుల నంబర్లూ రాసి, నేరుగా కమిషనర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. వేర్వేరుగా వెళ్తే ఎప్పటికీ అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు.

ఇక పేరు. బోర్డు మీద రంగుతో రాసినంత మాత్రాన పేట పేరు మారిపోదమ్మా. పేరు మారాలంటే తీర్మానం ఉండాలి, దానికో నంబరు, తేదీ ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు పెట్టండి. 'మా పేట పేరును ఏ తీర్మానంతో మార్చారు, దాని కాపీ ఇవ్వండి' అని ఒక్క ప్రశ్నే అడగండి, పది అడిగితే ఒక్కదానికీ సూటిగా చెప్పరు. 30 రోజుల్లో జవాబివ్వాలి. తీర్మానం లేదని వస్తే ఆ జవాబునే జతచేసి, బోర్డు సరిచేయమని అర్జీ పెట్టండి. తీర్మానం ఉందని వస్తే దాన్ని రద్దు చేయమని కౌన్సిల్‌ని అడగాలి, కౌన్సిల్ గడువు అయిపోయి ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే ఆయన్నే అడగాలి. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువు కొద్ది రోజులే ఇస్తారు, ఆ నోటీసు ఆఫీసు గోడ మీద అంటించి ఉంటే చదివేవాళ్లు తక్కువ. వచ్చేసారి మీ వీధిలో చదువుకున్న పిల్లలు ఎవరికైనా ఆ పని అప్పజెప్పండి.

మా అభిప్రాయం కూడా చెప్పేస్తాం. వార్డులు విడగొట్టడం తప్పు కాదు. ఊళ్లు పెరుగుతున్నాయి, ఏలూరులో తంగెళ్లమూడి, శనివారపుపేట లాంటి పంచాయతీలు వచ్చి కార్పొరేషన్‌లో కలిశాయి, జనాన్ని పంచకపోతే ఒక్క కార్పొరేటర్ నెత్తిన మూడు పేటల భారం పడుతుంది. కానీ ఓటు కోసం గీసిన గీతతో పేటని తుడిచేయడం మాత్రం అన్యాయం. భీమవరంలో కలిసిపోయినా గునుపూడి గునుపూడే, సోమారామం గుడి ఎక్కడంటే ఇప్పటికీ అదే చెబుతాం. ఏలూరులో పవర్‌పేటకి ఏకంగా రైల్వేస్టేషన్ ఉంది, డివిజన్ల నంబర్లు ఎన్నిసార్లు మారినా రైలు దిగేవాళ్లు పవర్‌పేటలోనే దిగుతున్నారు. మీరు కూడా శుభలేఖల మీద, కొరియర్ అడ్రసుల్లో, పిల్లల స్కూలు అప్లికేషన్లలో వార్డు నంబరుతో పాటు పేట పేరు రాయడం మానకండి. ఆఫీసు వాళ్లు రాయకపోయినా మీరు రాస్తుంటే ఆ పేరు బతికే ఉంటుంది.

ప్రశ్న: నా టెన్త్ సర్టిఫికెట్‌లో రాజమండ్రి అని, ఆధార్‌లో రాజమహేంద్రవరం అని ఉంది. విదేశాలకి వెళ్లాలి, అన్నీ మార్పించుకోవాలా? - ఒక విద్యార్థి, దానవాయిపేట

జవాబు: అక్కర్లేదు. రాజమండ్రి పేరు రాజమహేంద్రవరంగా మారింది 2015 అక్టోబర్‌లో. అంతకు ముందు ఇచ్చిన సర్టిఫికెట్లో అప్పటి పేరే ఉంటుంది, అది చెల్లుతుంది. వాటిని దిద్దించబోతే లేని చిక్కు కొనితెచ్చుకున్నట్టే. పాస్‌పోర్టు ఫారంలో పుట్టిన ఊరు బర్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే నింపండి. ఎవరైనా అడిగితే చూపించడానికి పేరు మార్పు జీవో కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. నోటితో మటుకు మీరు రాజమండ్రి అన్నా ఎవరూ కాదనరు, మేమూ ఈ పేజీలో అలాగే రాస్తున్నాం.

ప్రశ్న: అన్నా, నేను కాకినాడలో డెలివరీ పని చేస్తాను. మీరు పాత పేర్లు కాపాడుకోవాలని రాశారు, బాగానే ఉంది గానీ నాకు దాంతో పని జరగదు. ఒకరు జగన్నాథపురం అంటారు, యాప్‌లో జగన్నాయక్‌పూర్ అని వస్తుంది. ఇంకొకరు అపార్ట్‌మెంట్ పేరు చెప్పి ఊరుకుంటారు. లేటైతే మాట పడేది మేమే. నంబర్లుంటే చాలు కదా? - ఒక డెలివరీ కుర్రాడు

జవాబు: నీ కష్టం అర్థమైంది తమ్ముడూ. నువ్వు చెప్పిన ఆ రెండూ ఒకే చోటు పేర్లు. ఒకప్పుడు డచ్చి వాళ్లు కోట కట్టుకుని వ్యాపారం చేసిన చోటు అది, 1825లో ఇంగ్లీషు వాళ్ల చేతికొచ్చింది, రాసేవాళ్లు మారినకొద్దీ అక్షరాలూ మారాయి. ఉప్పుటేరు వంతెన దాటితే అదే అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, యాప్‌కి ఆ సంగతి తెలియదు.

నంబర్లు వద్దని మేమనం. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది, దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాలు, అంకెల కోడ్ ఇచ్చారు, మీ కస్టమర్లు అది వాడటం నేర్చుకుంటే నీకు సగం ఫోన్లు తగ్గుతాయి. గూగుల్ మ్యాప్‌లో పేరు తప్పుగా ఉంటే మార్పు సూచించే వీలు ఉంది, రోజూ తిరిగే మీ కుర్రాళ్లు నలుగురు కలిసి సూచిస్తే దిద్దే అవకాశం ఎక్కువ. అయితే ఒకటి ఆలోచించు. ఫోన్ చార్జింగ్ అయిపోయి, సందు చివర నిలబడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని నువ్వు అడిగేది కోడ్ కాదు, పేట పేరే. ఆయనకి తెలిసిన పేరు, నీ యాప్‌లో ఉన్న పేరు ఒకటే అయితే నీకే సుఖం. పాత పేరు తీసి లేఅవుట్ పేరు పెట్టే ప్రతిసారీ ముందు ఇబ్బంది పడేది నీలాంటి వాళ్లే, అందుకే ఈ విషయంలో నువ్వు మా వైపే ఉండాలి.

ప్రశ్న: కిందటి సంచికలో 'పాత పేరు పెద్దలిచ్చిన ఆస్తి' అని రాశారు. మాది కోనసీమలో ఒక చిన్న పట్నం. మా పేటకి ఊరి వాళ్లు పెట్టిన పేరు మా కులం పేరే. మా తాతల తరంలోనే మా వాళ్లంతా కూర్చుని అంబేద్కర్ నగర్ అని పెట్టుకున్నారు, బోర్డు పెట్టుకున్నారు, విగ్రహం పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆటో అతను ఆ పాత పేరుతోనే 'అక్కడికా' అంటాడు. కాలేజీలో మీది ఏ పేట అని అడిగితే నేను పక్క వీధి పేరు చెప్పిన రోజులున్నాయి. మీరు చెప్పే ఆస్తి మాకూ ఆస్తేనా? - డిగ్రీ చదివే ఒక అమ్మాయి

జవాబు: కాదమ్మా, మీకు అది ఆస్తి కాదు. మీ మీద ఎవరో వేసిన ముద్ర. ఆ మాట మేము రాసినప్పుడు పెద్ద వీధుల వాళ్ల పేటలే మా కళ్ల ముందున్నాయి, మీ ఉత్తరం ఆ మాటకి హద్దు గీసింది, అందుకే మొత్తం అచ్చు వేస్తున్నాం.

పైన గృహిణి గారికి చెప్పిందీ, మీకు చెప్పేదీ ఒకదానికొకటి పడవని ఎవరైనా అనుకుంటే వాళ్లకి ఇదే మా సమాధానం. పేరు పాతదా కొత్తదా అన్నది లెక్క కాదు, ఆ పేటలో ఉండేవాళ్లు కోరుకున్నదా కాదా అన్నదే లెక్క. ఆవిడ పేటలో అక్కడి వాళ్లని అడక్కుండా పేరు తీసేశారు. మీ పేటకి అక్కడి వాళ్లని అడక్కుండా పేరు పెట్టారు. రెండూ ఒకటే తప్పు. మీ పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకుని తమ చోటికి తాము పేరు పెట్టుకున్నారు కదా, గోదావరి జిల్లాల్లో పేరు మార్పు అంటే ఎలా జరగాలో వాళ్లే చేసి చూపించారు. ఊరు ఆ పేరు పలకడం నేర్చుకోవాలి. అలవాటు అయిపోయిందండీ అనే మాట ఇక్కడ కుదరదు, 2015లో మారిన రాజమహేంద్రవరం పేరు ఆఫీసుల్లో అందరూ ఠంచనుగా రాయడం నేర్చుకున్నారు, ఇది మాత్రం ఎందుకు నేర్చుకోలేరు?

మహారాష్ట్రలో 2020 డిసెంబర్‌లో కులాల పేర్లున్న వాడల పేర్లన్నీ మార్చాలని మంత్రివర్గమే నిర్ణయించింది. అంటే ఇది మీ ఒక్క పేట గొడవ కాదు, ప్రభుత్వాలు తప్పని ఒప్పుకున్న విషయం. మీ ఊళ్లో చేయగలిగింది కూడా ఉంది. బోర్డు ఉంది సరే, తీర్మానం ఉందా చూడండి. చాలాచోట్ల జనం పేరు పెట్టుకున్నారు గానీ రికార్డుల్లోకి ఎక్కలేదు, అందుకే పన్ను రసీదులో, ఓటర్ల జాబితాలో, బడి పేరులో పాతదే వస్తుంటుంది. ముందు మున్సిపల్ రికార్డు, తర్వాత ఆ తీర్మానం కాపీతో బడి హెడ్‌మాస్టర్‌కి, పోస్టాఫీసుకి, ఆర్టీసీ డిపోకి ఒక్కో అర్జీ. ఓటరు జాబితాలో మీ అడ్రసు సరిచేయడానికి ఫారం 8 ఉంటుంది. ఇవి ఒక్కరు తిరిగే పనులు కావు, మీ పేటలో చదువుకుంటున్న పిల్లలంతా తలో ఆఫీసు పంచుకోండి. ఇంకోమాట, నలుగురిలో కులం పేరు పెట్టి దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద అది నేరం. అడ్రసు అడిగిన ప్రతి మాటకీ అది వర్తించదు, కానీ కావాలని, అవమానించడానికి అన్నప్పుడు ఊరుకోవాల్సిన పని లేదు.

ఆటో స్టాండు దగ్గరికి మీ పేట పెద్దలు నలుగురు వెళ్లి, 'బాబూ, మా పేట పేరు ఇది' అని ఒకసారి మర్యాదగానే చెప్పి చూడండి. పక్క వీధి పేరు చెప్పిన రోజులకి మీరు సిగ్గుపడకండి, ఆ సిగ్గు ఊరిది. ఈ పత్రికలో ఇకపై ఏ పేటనైనా అక్కడి వాళ్లు పెట్టుకున్న పేరుతోనే రాస్తాం.

ప్రశ్న: మాది కొవ్వూరు. గోదావరికి పడమటి గట్టున పుట్టి పెరిగి, ఇప్పుడు అడ్రసులో తూర్పు గోదావరి జిల్లా అని రాయాలంటే చెయ్యి రావట్లేదు. పిన్‌కోడ్ కూడా మారిందా? - ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ బాధ నిజమే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసినప్పుడు కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం ప్రాంతాలు ఏటికి ఇవతలే ఉండి తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. అటు పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి వెళ్లింది. అయితే 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చినప్పటి నుంచీ మీ ఊరికి ఆసుపత్రి, కాలేజీ, బట్టల కొట్టు అన్నీ రాజమండ్రే, కలెక్టరాఫీసు కూడా వంతెన దాటితే వచ్చేయడం సౌకర్యమే. జిల్లాను రాజమండ్రి కేంద్రంగా పెట్టారు సరే, పేరు మటుకు దిక్కును బట్టి ఉంచేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. పిన్‌కోడ్ తపాలా శాఖది, జిల్లా మారితే అది మారనక్కర్లేదు. మీది 534350 అనే రాయండి, మీ పాత జిల్లా తాలూకు 534 అందులో అలాగే ఉంది.

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా నాన్నగారు డబ్బు అడక్కుండా స్థలం వదిలేశారు. ఆయన పోయారు. వీధికి ఆయన పేరు పెట్టించాలంటే ఎలా? - ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆ వీధికి ఇప్పటిదాకా పేరు లేకపోతే తప్పకుండా అడగండి, అలాంటి మనిషి పేరు ఉండటం న్యాయం. స్థలం వదిలిన కాగితం, వీధిలో ఉండేవాళ్ల సంతకాలు జతచేసి మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వండి. కౌన్సిల్ తీర్మానంతో జరిగే పని ఇది. పేరు ముందే ఉంటే మాత్రం తొందరపడకండి. ఊళ్ల పేర్ల మార్పు గురించి కేంద్ర హోంశాఖ 1953లోనే రాష్ట్రాలకి సూచనలు పంపింది. జనానికి అలవాటైన పేరును గట్టి కారణం లేకుండా మార్చడం మంచిది కాదనీ, చరిత్ర ఉన్న పేర్లను వీలైనంతవరకు కదపొద్దనీ అందులో ఉంది. వీధులకి ఆ సూచన నేరుగా వర్తించకపోయినా పద్ధతి మంచిదే. అప్పుడు వీధి పేరు అలాగే ఉంచి, స్థలం వదిలిన మలుపులో ఆయన పేరుతో ఒక రాతి పలక పెట్టించమని అడగొచ్చు, మీ వీధి వాళ్లు దానికి అడ్డు చెప్పరు. ఏదైనా సరే, తీర్మానం కాపీ చేతికి వచ్చాకే పలక చెక్కించండి.